డొమైన్ మార్చాక సెట్టింగులు పోయాయా? సేవ్ మాత్రం నొక్కకండి: సీరియలైజ్డ్ కాలమ్ చుట్టూ అపోహలు, వాస్తవాలు

వర్డ్‌ప్రెస్ సైటును కొత్త డొమైన్‌కి మార్చినవాళ్లు పదేపదే అనే మాట ఇది: "పోస్టులన్నీ ఉన్నాయండీ, విడ్జెట్లూ థీమ్ సెట్టింగులూ పోయాయి. డేటాబేస్ కరప్టయిందట, మళ్లీ మొదట్నుంచి పెట్టుకోవాలట." ఆ "అట" ఎవరు పుట్టించారో గానీ, అసలు నష్టం దాన్ని నమ్మడం వల్లే జరుగుతోంది.

అపోహ: సెట్టింగులు ఖాళీగా కనిపిస్తే డేటా పోయినట్టే.

వాస్తవం: డేటా, సెట్టింగులు దాచే ఆప్షన్స్ టేబుల్లోనే ఉంది. చదవడం కుదరట్లేదు, అంతే. వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీలోని సీరియలైజ్ ఫంక్షన్ యారే (విలువల జాబితా) మొత్తాన్నీ ఒకే స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) చేసి ఒకే కాలమ్‌లో పెడుతుంది. అందులో ప్రతి స్ట్రింగ్ విలువకూ ముందు దాని పొడవు ఉంటుంది: ఎస్, కోలన్, పొడవు, కోలన్, ఆపైన కోట్‌లలో విలువ. మీరు డేటాబేస్‌ను దిద్దే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో, పాత మాటను కొత్తదిగా మార్చే రీప్లేస్ క్వెరీ నడిపి హెచ్‌టీటీపీని హెచ్‌టీటీపీఎస్ చేశారనుకోండి. 18 బైట్ల చిరునామా 19 అయింది, ముందున్న 18 మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ స్ట్రింగ్‌ను తిరిగి విప్పే అన్‌సీరియలైజ్ 18 బైట్లు లెక్కపెట్టి ఆగిన చోట కోట్ దొరకదు. దాంతో మొత్తం యారేని వదిలేసి ఫాల్స్ ఇస్తుంది. నలభై సెట్టింగుల్లో ఒక్కదాని లెక్క తప్పినా నలభైకి నలభై ఖాళీ. వర్డ్‌ప్రెస్ అప్పుడు వచ్చే హెచ్చరికను అణిచేస్తుంది కాబట్టి తెరమీద ఎర్రర్ కూడా కనబడదు.

ఇక్కడే కంగారులో సెట్టింగుల పేజీ తెరిచి "సేవ్" నొక్కుతారు. డిఫాల్ట్ విలువలు పాత స్ట్రింగ్ మీద పడతాయి. డేటా నిజంగా పోయేది ఆ క్షణంలోనే.

కాబట్టి ముందు ఏదీ సేవ్ చేయకండి. పాడైన డేటాబేస్‌ను ఉన్నదున్నట్టు డంప్ (పూర్తి కాపీ ఫైలు) తీసి పక్కన పెట్టండి. రీప్లేస్‌కు ముందటి డంప్ ఉంటే దాన్ని ఎక్కించి, కమాండ్ లైన్‌లో నడిచే వర్డ్‌ప్రెస్ పరికరం డబ్ల్యూపీ-సీఎల్ఐలోని సెర్చ్-రీప్లేస్ కమాండ్ వాడండి. అది విలువను విప్పి, మార్చి, పొడవు సరిచేసి మళ్లీ కడుతుంది. మొదట, ఏదీ మార్చకుండా లెక్క మాత్రమే చూపే డ్రై-రన్‌తో ఏ టేబుల్లో ఎన్ని మారతాయో చూసుకోండి. ప్లగిన్లు సొంతంగా పెట్టుకున్న టేబుళ్లను అది మామూలుగా ముట్టుకోదు, పేరు ముందు మీ సైటు ప్రిఫిక్స్ ఉన్న టేబుళ్లన్నీ చూడమని విడిగా చెప్పాలి. పోస్టుల శాశ్వత గుర్తింపు ఉండే జీయూఐడీ కాలమ్‌ను వదిలేయమనండి. అయ్యాక క్యాష్ ఖాళీ చేయండి.

పాత డంప్ లేదా? రీప్లేస్ క్వెరీని తిరగేసి, కొత్తదాన్ని పాతదిగా మారుస్తూ, అవే టేబుళ్ల మీద నడపండి. లెక్కలు మళ్లీ కుదురుతాయి, ఆ తర్వాత పైన చెప్పిన సెర్చ్-రీప్లేస్ వాడండి. అయితే కొత్త చిరునామా ముందే ఎక్కడా వాడి ఉండకూడదు, ఈలోపు కొత్తగా ఏదీ సేవ్ అయి ఉండకూడదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (వెతికే నమూనాతో) పొడవులు తిరగరాసే స్క్రిప్టులు చివరి దారి. విలువలోనే కోట్, సెమికోలన్ పక్కపక్కన వస్తే అవి తప్పుచోట ఆగుతాయి.

అపోహ: పొడవంటే అక్షరాల సంఖ్య, చేత్తో దిద్దుకోవచ్చు.

వాస్తవం: అది బైట్ల సంఖ్య. తెలుగు సైట్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "రాము" కంటికి రెండక్షరాలు, యూనికోడ్‌లో నాలుగు గుర్తులు, అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో 12 బైట్లు. వర్డ్‌ప్రెస్ వాడే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో లెంగ్త్ ఫంక్షన్ 12 చెబుతుంది, క్యారెక్టర్ లెంగ్త్ 4 చెబుతుంది. మీకు కావలసింది మొదటిదే. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో అక్షరాలు కలవకుండా ఆపే, కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. కాపీ-పేస్ట్‌లో అది రాలిపోతే మూడు బైట్లు తగ్గాయి, కంటికి తేడా తెలియదు. పలు లైన్లున్న విలువను ఎడిటర్లో పెట్టి దిద్దినప్పుడు విండోస్ లైన్ ముగింపులు మారినా అంతే, లైనుకో బైటు చొప్పున తప్పుతుంది.

ఇంకొకటి. మైఎస్‌క్యూఎల్‌లో పాత "యూటీఎఫ్8" అక్షరానికి మూడు బైట్ల వరకే తీసుకుంటుంది. తెలుగు పడుతుంది, నాలుగు బైట్ల ఎమోజీ పట్టదు. పట్టని విలువను తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే స్ట్రింగ్ ఎమోజీ దగ్గరే తెగిపోతుంది, ఆ వెనకున్న కీలన్నీ పోతాయి. ఇది మాత్రం నిజమైన నష్టమే. టేబుళ్లు యూటీఎఫ్8ఎంబీ4లో ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి.

అపోహ: సీరియలైజ్ మానేసి జేసన్ అనే మరో రాత పద్ధతికి మారితే బాధలన్నీ తీరతాయి.

వాస్తవం: పొడవు బాధ తీరుతుంది. కానీ పీహెచ్‌పీ జేసన్ ఎన్‌కోడ్ స్లాష్‌కు ముందు బ్యాక్‌స్లాష్ పెడుతుంది, అందుకే మామూలు చిరునామాతో వెతికితే దొరకదు. తెలుగు అక్షరాల్ని ఆరేసి బైట్ల కోడ్‌లుగా మారుస్తుంది. టెక్స్ట్ కాలమ్‌లో "రాము" అని లైక్ క్వెరీతో వెతికితే సున్నా వరుసలు. యూనికోడ్‌ను ఎస్కేప్ చేయొద్దనే ఫ్లాగ్ ఇవ్వండి, లేదా మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి ఉన్న జేసన్ కాలమ్ రకమే వాడండి.

అపోహ: అన్నీ ఒకే కాలమ్‌లో పెట్టడమే తప్పు.

వాస్తవం: కాదు. ఎప్పుడూ కలిపే చదివి, కలిపే రాసి, లోపలి విలువతో వెతకని సెట్టింగులకు అది సరైన చోటే. స్టాక్ లెక్క, ఆర్డర్ స్థితి లాంటివి మాత్రం అందులో పెట్టకండి. ఇద్దరు ఒకేసారి చదివి వేర్వేరు కీలు మార్చి రాస్తే, వెనక రాసినవాడి కాపీ మొదటివాడి మార్పును చెరిపేస్తుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో జాడ ఉండదు. అలాంటి వాటికి విడి కాలమ్ ఇవ్వండి. వెంటనే కుదరకపోతే ట్రాన్సాక్షన్‌లో ఆ వరుసను ఫర్ అప్‌డేట్‌తో లాక్ చేసి చదవండి.

బయటినుంచి, కుకీలోంచి గానీ ఫారంలోంచి గానీ, వచ్చిన స్ట్రింగ్‌ను అన్‌సీరియలైజ్‌కు ఎప్పుడూ ఇవ్వకండి. దాంతో మీ కోడ్‌లోని క్లాసుల్నే మీమీద ప్రయోగించవచ్చు. సొంత డేటాకైనా, ఆబ్జెక్టులు అక్కర్లేని చోట, పీహెచ్‌పీ 7 నుంచి ఉన్న అలౌడ్ క్లాసెస్ ఆప్షన్‌ను ఫాల్స్ చేసి పిలవండి.