గంపగుత్త ఓట్లు ఎవరి దగ్గరా ఉండవు

చి. శ్రావణికి, అఖిల్‌కు,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. వాన కొంచెం ఆలస్యమైనా పత్తి బాగానే మొలిచింది.

ఎన్నికలు రాగానే నాయకులు పొద్దున గుడికి, మధ్యాహ్నం దర్గాకు, ఆదివారమైతే చర్చికి ఎందుకు పోతారని మొన్న ఇద్దరూ అడిగారు కదా. ఫోన్లో సగమే చెప్పగలిగాను. అఖిల్‌కు కొద్ది రోజుల్లో ఓటు వస్తుంది కాబట్టి మిగతాది తీరిగ్గా రాస్తున్నాను.

నాయకుడు గుడికి పోవడం తప్పని నేననను. ఆయనకూ భక్తి ఉంటుంది. కేసీఆర్ గారు నామినేషన్ పత్రాలను కోనాయిపల్లి వేంకటేశ్వరస్వామి ముందు పెట్టి పూజ చేయించి, అక్కడే సంతకం పెట్టేవారు. అది ఆయన నమ్మకం, మనం కాదనేదేముంది? నాకు నచ్చనిది దేవుణ్ణి పూచీకత్తుగా పెట్టడం. 2022లో మన మునుగోడు ఉపఎన్నిక ప్రచారం జోరుగా నడుస్తున్నప్పుడు, ఎమ్మెల్యేల కొనుగోలు ఆరోపణతో తమ పార్టీకి సంబంధం లేదంటూ బండి సంజయ్ గారు యాదగిరిగుట్టకు వచ్చి తడిబట్టలతో ప్రమాణం చేశారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో రేవంత్‌రెడ్డి గారు ఏ జిల్లాకు పోతే అక్కడి దేవుడి మీద ఒట్టు పెట్టి, ఆగస్టు 15లోగా రుణమాఫీ చేస్తామన్నారు. ఆ ఆగస్టులోనే హరీశ్‌రావు గారు గుట్టకు వచ్చి, ముఖ్యమంత్రి ఒట్టు తప్పారంటూ పాపపరిహార పూజ చేయించారు. మూడు పార్టీల వాళ్లూ ఉన్నారు చూడండి. మాట ఇచ్చింది రైతుకు. ఎవరికి ఎంత మాఫీ అయింది, ఎవరికి కాలేదన్న లెక్క బ్యాంకులో ఉంటుంది. ఆ లెక్క అడగాల్సిన రైతు మాత్రం పక్కకు జరిగిపోయి, వ్యవహారమంతా నాయకులకూ నరసింహస్వామికీ మధ్యదైపోయింది. ఇది నాకు బాధగా అనిపిస్తుంది.

ఇవి టీవీలో కనిపించేవి. ఊళ్లో జరిగేది టీవీలో రాదు. మన వైపే ఒక ఊళ్లో, ఎస్సీ కాలనీలో చిన్న చర్చి ఉంది, పైన రేకులే. పాస్టర్ గారు నా దగ్గర చదువుకున్నవాడే. ఆదివారం ప్రార్థన చేయిస్తాడు, మిగతా రోజుల్లో భార్యతో కలిసి పత్తి ఏరడానికి పోతాడు. ఒక ఎన్నికప్పుడు నేను వాళ్లింట్లో కూర్చుని ఉండగా ఒక పార్టీ వాళ్లు కారు దిగి వచ్చారు. మంచి నీళ్లయినా తాగకముందే మొదటి మాట, "మీ సంఘంలో ఎన్ని ఓట్లున్నయ్ పాస్టర్ గారూ?" అని. ఈయన కుటుంబాల సంఖ్య చెప్పాడు. "కుటుంబాలు గాదు, ఓట్లు చెప్పు" అని డైరీ తెరిచారు. రేకులు తీసి స్లాబు వేయిస్తామన్నారు, మైక్ సెట్ ఇప్పిస్తామన్నారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. "అందరి కోసం ప్రార్థన చేస్తానన్నా" అన్నాడు. వాళ్లు పోయాక చాలాసేపు మాట్లాడలేదు. రేపు రెండో పార్టీ వాళ్లొస్తారు, ఇవాళ వీళ్లొచ్చిన సంగతి వాళ్లకు అప్పటికే తెలిసి ఉంటుంది. ఎవరు గెలిచినా ఆయనకు టెన్షనే.

మల్లన్న గుడి పూజారికీ, మసీదు ఇమాం సాబుకూ ఇదే అవస్థ. ధూపదీప నైవేద్యం పథకం కింద చిన్న గుళ్ల అర్చకులకు నెలకు ఇచ్చే 6 వేలను 2023లో 10 వేలు చేశారు. ఇమాములకూ, మసీదులో అజా ఇచ్చే మౌజన్లకూ నెలకు 5 వేల గౌరవ వేతనం పెట్టారు. మంచిదే, వాళ్లవి పేద కుటుంబాలు. కానీ ఎన్నికలు రాగానే ఆ డబ్బు తమ జేబులోంచి ఇచ్చినట్టు కొందరు నాయకులు గుర్తు చేస్తుంటారు. అది ఖజానా సొమ్ము. శ్రావణి కొనుక్కునే పెన్ను మీద కట్టే పన్ను కూడా అందులో కలుస్తుంది. ఖబరస్తాన్ ప్రహరీ గోడైనా, గుడి కమానైనా ప్రభుత్వ నిధులతో కట్టింది ఏదైనా అంతే.

అసలు ఆ డైరీలో రాసుకున్న లెక్క మీదే నాకు నమ్మకం లేదు. స్వామి చెప్తే ఇన్ని, ఇమాం చెప్తే ఇన్ని, కులపెద్ద చెప్తే ఇన్ని గంపగుత్తగా పడతాయని నాయకులు అనుకుంటారు, మధ్యలో ఉండే వాళ్లు అలా నమ్మిస్తారు. మన జనం మొక్కేదే గంపగుత్తగా కాదు. పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు మీ నాయనమ్మతో కలిసి పోయినప్పుడు చూశాను, బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు ఎంతమందో. ఆ దర్గా పేరు మీద సైదులు అని పేరు పెట్టుకున్న హిందువులు మన జిల్లాలో ఊరూరా ఉన్నారు. పాలమూరు వైపైనా, మన వైపైనా పీర్ల పండుగకు అలాయి, అంటే నిప్పుల గుండం చుట్టూ ఆడేది అన్ని కులాల వాళ్లూ. వీళ్లను ఏ లెక్కలో వేస్తారు?

ఓటు సంగతికొస్తే, నేను ప్రిసైడింగ్ ఆఫీసరుగా చేసినవాణ్ణి కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను. రిజిస్టర్లో నీ వరుస నంబరు, నీ సంతకం ఉంటాయి, ఎవరికి వేశావన్నది ఉండదు. అట్టల చాటున బటన్ నొక్కుతావు, పక్క పెట్టెలో చీటీ ఏడు సెకన్లు కనబడి కిందపడిపోతుంది. దాని మీద గుర్తు ఉంటుంది, నీ పేరు ఉండదు. ఫోను లోపలికి తేనివ్వరు. ఓటు రహస్యం బయటపెట్టిన ఎన్నికల సిబ్బందికి జైలు శిక్ష ఉంది. అయితే ఒకటి నిజం. ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో లెక్కింపు తర్వాత ఫారం 20లో వస్తుంది. "మీ బూతులో ఏం జరిగిందో మాకు తెలుస్తది" అని బెదిరించేది దాన్ని చూసుకునే. వాళ్లకు తెలిసేది బూతు మొత్తం, అంతకుమించి ఒక్క మనిషి ఓటు కూడా తెలియదు.

అది తెలియదు కాబట్టే ఒట్లు వేయించుకుంటారు. నోట్లతో పాటు దేవుడి పటం తెచ్చి దాని మీద చెయ్యి పెట్టిస్తారు, పసుపు బియ్యం పట్టిస్తారు. మీ నాయనమ్మ లాంటి వాళ్లు "ఒట్టు తప్పితే పిల్లలకు ఏమన్నా అయితది" అని భయపడి మనసులో లేనివాళ్లకు ఓటేస్తారు. ఇలా భయపెట్టడం నేరమని చట్టమే చెబుతోంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్‌లో, ఫలానా వాళ్లకు వేయకపోతే దేవుడికి కోపం వస్తుందని ఓటర్ని నమ్మించడం కూడా అవినీతికర చర్యల్లో ఒకటి. మతం, కులం, భాష పేరుతో ఓటడగడం మరొకటి. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం నలుగురి మాటగా, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని తీర్పు చెప్పింది. గుడి, మసీదు, చర్చి ఆవరణల్ని రాజకీయాలకు వాడకూడదని 1988లో వేరే చట్టమే వచ్చింది.

చట్టాలు కాగితం మీదేనా అని అఖిల్ అడుగుతాడు, నాకు తెలుసు. మన పాలమూరు వాళ్లు కూలికి పోయే బొంబాయిలోనే 1987లో విలేపార్లే ఉపఎన్నికలో మతం పేరుతో ఓట్లు అడిగారని కోర్టు తేల్చి, గెలిచిన అభ్యర్థి ఎన్నికను రద్దు చేసింది. ఆ ప్రచారం చేసిన బాల్ ఠాక్రేకు ఆరేళ్లు ఓటు హక్కు లేకుండా చేశారు. తీర్పులకు ఏళ్లు పట్టిందన్న మాట నిజమే. ఫలితాలు వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో పిటిషన్ వేయాలి, సాక్ష్యం కావాలి. పటం మీద చెయ్యి పెట్టించినవాడి మీద ఊళ్లో సాక్ష్యం చెప్పేదెవరు? అక్కడే చాలా కేసులు మొదలు కాకుండానే ఆగిపోతాయి.

మీ బడి దగ్గర అలాంటిది కళ్లబడితే ఎన్నికల సంఘం వాళ్ల సీ-విజిల్ యాప్‌లో ఫొటో తీసి పంపవచ్చు, 100 నిమిషాల్లో అధికారులు స్పందించాలి. మీ పేరు బయటకు రాకుండా కూడా పంపవచ్చు. పెద్దవాళ్లతో గొడవ పడొద్దు.

నాయకుడు మీ వీధికి వస్తే అడగాల్సినవి చాలా ఉన్నాయి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన వాళ్లు ఇంకా ఉన్నారు. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు తెస్తామన్న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం నా సర్వీసు మొత్తం ప్రతి ఎన్నికల్లోనూ వాగ్దానంగానే ఉంది. 2025 ఫిబ్రవరి 22న అదే సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. పనిచేయడానికి ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చినవాళ్లు. మిగిలిన సొరంగం ఎప్పుడు తవ్వుతారు, ఈసారి కూలీలకు ఏం భద్రత పెడతారు అని అడగండి. అడిగితే కోపం వచ్చినా సరే, అడగండి.

అఖిల్, నీకు సెప్టెంబరులో పద్దెనిమిది నిండుతాయి కదా. అక్టోబర్ 1 అర్హత తేదీ కాబట్టి ఓటరుగా నమోదుకు ముందే ఫారం 6 పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్‌లో అవుతుంది, లేకపోతే మీ బీఎల్‌వోకు, అంటే బూత్ స్థాయి అధికారికి ఇవ్వు. పుట్టిన తేదీకి పదో తరగతి మెమో సరిపోతుంది. అడ్రస్ హైదరాబాద్‌దే పెట్టు, ఊరిది పెట్టకు, నువ్వు ఉండేది అక్కడే కదా. పెట్టాక రిఫరెన్స్ నంబరు నాకు మెసేజ్ చెయ్యి.

మీ
తాతయ్య