లాజిస్టిక్స్, సప్లై చైన్‌లో పీజీ: అపోహలు - వాస్తవాలు

సరుకు ఫ్యాక్టరీ నుంచి కొనేవాళ్ళ దాకా చేరే పనిని ప్లాన్ చేయడం నేర్పేది ఈ కోర్సు. డిగ్రీ చివరి ఏడాది పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు దీని గురించి అడిగే ప్రశ్నల వెనక దాదాపు ఒకే రకం అపోహలు కనిపిస్తాయి. హైదరాబాద్‌లో మందుల పంపిణీకి ప్లానింగ్ చూసే ఉద్యోగం నాది. ఈ చదువే చదివాను, కొత్తగా చేరేవాళ్ళకు పని నేర్పుతున్నాను. అందుకే సూటిగా చెబుతాను.

అపోహ: ఇది లారీలు, గోడౌన్ల చదువు. దానికి పీజీ ఎందుకు?

లారీ మాట్లాడటానికి, లోడు ఎక్కించడానికి పీజీ అక్కర్లేదు. ఆ పని ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఏళ్ళ తరబడి పనిచేసిన గుమాస్తాకు మనకంటే బాగా తెలుసు. అంతకు ముందే తేలాల్సిన ప్రశ్నలకు చదువు కావాలి. సరుకు ఎక్కడ ఉండాలి? ఎంత ఉండాలి? అది అమ్ముడయ్యేదాకా డబ్బు ఎవరిది ఇరుక్కుంటుంది?

మన దగ్గరే జరిగిన ఉదాహరణ చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ డిపో నుంచి విజయవాడ డీలరుకు సరుకు అమ్మితే అది రాష్ట్రం లోపలి అమ్మకం. 2014 జూన్ 2 నుంచి అదే సరుకు, అదే దారిలో వెళ్ళినా అంతర్రాష్ట్ర అమ్మకం అయింది. కేంద్ర అమ్మకపు పన్ను పడేది, డీలరుకు ఆ పన్ను మీద క్రెడిట్, అంటే తాను కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తగ్గించుకునే వీలు, వచ్చేది కాదు. అదే సొంత డిపోకు స్టాక్ బదిలీ చేసి అక్కడి నుంచి అమ్మితే ఆ బాధ ఉండేది కాదు. అందుకే కంపెనీలకు ఆంధ్రలో విడిగా డిపో పెట్టుకోవాల్సిన అవసరం వచ్చింది. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో ఆ పన్ను కారణం పోయింది. ఇక రెండు డిపోలూ ఉంచాలా, ఒకటి చాలా? సప్లై చైన్ చదివినవాళ్ళు జవాబు చెప్పాల్సింది ఇలాంటి వాటికి.

అపోహ: లెక్కలంటే భయం ఉన్నవాళ్ళకు ఎంబీఏలో ఇదే తేలిక.

ఈ మాట నమ్మి చేరినవాళ్ళు మొదటి సెమిస్టర్‌లోనే ఇబ్బంది పడతారు. పై ప్రశ్ననే లెక్కగా చూద్దాం. ఒక్కో డిపోలో రోజువారీ అమ్మకాల స్టాండర్డ్ డీవియేషన్ (విచలనం, అంటే సగటు నుంచి ఎంత హెచ్చుతగ్గు ఉంటుందో చెప్పే అంకె) 30 పెట్టెలు, ఫ్యాక్టరీ నుంచి సరుకు రావడానికి 9 రోజులు అనుకోండి. 9కి వర్గమూలం 3 కాబట్టి ఆ 9 రోజుల మీద హెచ్చుతగ్గు 90 పెట్టెలు. నూటికి 95 సార్లు సరుకు అయిపోకుండా ఉండాలంటే దాన్ని సంభావ్యత పట్టికలో దానికి దొరికే 1.65తో హెచ్చించాలి. ఒక్కో డిపోలో దాదాపు 149, రెండింట్లో కలిపి 297 పెట్టెల సేఫ్టీ స్టాక్ (గిరాకీ పెరిగితే ఆదుకునే అదనపు సరుకు) కావాలి. రెండు చోట్ల అమ్మకాలకు ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే, డిపోలు కలిపేశాక 149ని 2కి వర్గమూలం 1.41తో హెచ్చిస్తే వచ్చే 210 చాలు. ఒక చోట గిరాకీ పెరిగిన రోజు రెండో చోట తగ్గి ఉండొచ్చు, ఆ వెసులుబాటే ఈ తేడా.

అయితే 87 పెట్టెలు మిగిలాయని డిపో మూసేయడం సరైన నిర్ణయం కాకపోవచ్చు. శ్రీకాకుళంలో మందుల షాపుకు విజయవాడ నుంచి వచ్చే సరుకు హైదరాబాద్ నుంచి రావాలంటే ఇంకా చాలా ఎక్కువ దూరం ప్రయాణం. రోజూ కదిలే మందులు రెండు చోట్లా ఉంచి, ఖరీదైనవి, నెమ్మదిగా అమ్ముడయ్యేవి ఒక్క చోటే పెట్టడం మేలని నా అభిప్రాయం. లెక్క రానివాళ్ళకు ఈ మధ్యేమార్గం కనబడదు, షాపు ముందు నిలబడ్డ రోగి గురించి ఆలోచించనివాళ్ళకూ కనబడదు. కావాల్సింది సంభావ్యత, సగటు, విచలనం, కాస్త ఎక్సెల్. కూర్చుని నేర్చుకుంటే కామర్స్, ఆర్ట్స్ పిల్లలకూ వస్తాయి.

అపోహ: ఎస్ఏపీ (కంపెనీల సరుకు, లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్) సర్టిఫికెట్ ఉంటే చాలు, మిగతాది ఏఐ చూసుకుంటుంది.

సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, తప్పకుండా పనికొస్తుంది. కానీ సరుకు రావడానికి ఎన్ని రోజులు పడుతుందో సిస్టమ్‌లో ఎవరో ఒకరు నింపాలి. ఆ అంకె తప్పయితే కింది లెక్కలన్నీ తప్పే. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక, యూరప్ వెళ్ళే కంటైనర్ ఓడలు చాలావరకు సూయజ్ కాలువ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళాయి. వారానికి 2 కంటైనర్లు పంపే ఎగుమతిదారు ఉన్నాడనుకోండి. ప్రయాణం 4 వారాలైతే ఎప్పుడు చూసినా 8 కంటైనర్లు సముద్రం మీద ఉంటాయి. అది 6 వారాలైతే 12 ఉంటాయి. అమ్మకం ఒక్కటి కూడా పెరగకుండానే ఇంకో 4 కంటైనర్ల సరుకు మీద డబ్బు ఇరుక్కుంటుంది. భీమవరం రొయ్యలైతే ఆ అదనపు రోజులన్నీ మైనస్ 18 డిగ్రీల దగ్గరే ఉండాలి. వార్త చదవగానే ఇదంతా తట్టి, బ్యాంకు అప్పు పరిమితి గురించి ఫైనాన్స్ వాళ్ళతో ముందే మాట్లాడగలిగేవాళ్ళు ప్రతి కంపెనీకీ కావాలి.

అపోహ: అమ్మాయిలకు ఈ రంగం కుదరదు.

ఈ మాట వింటే నాకు చాలా బాధ వేస్తుంది. ప్లానింగ్, కొనుగోళ్ళు, కస్టమ్స్ పత్రాలు, డేటా విశ్లేషణ, వీటిలో ఏది కుదరదు? గోడౌన్‌లో రాత్రి షిఫ్టులు ఉండే మాట నిజం. అక్కడ మరుగుదొడ్డి, ఇంటికి చేర్చే వాహనం ఉన్నాయా అని ఇంటర్వ్యూలోనే అడగండి. అవి చూడాల్సిన బాధ్యత కంపెనీది.

అపోహ: పీజీ అయితే నేరుగా మేనేజరే.

చాలామందికి మొదటి ఉద్యోగం డిస్పాచ్‌లోనో, ఇండెంట్లు, అంటే సరుకు కావాలని వచ్చే ఆర్డర్లు, చూసే చోటో దొరుకుతుంది. ఇన్వాయిస్‌కూ లోడుకూ తేడా రావడం, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఆన్‌లైన్ పత్రం) గడువు దాటి లారీ ఆగిపోవడం అక్కడే చూస్తారు. ఆ ఏడాదిని తక్కువగా చూడకండి.

అపోహ: కోర్సు పేరులో ‘సప్లై చైన్’ ఉంటే చాలు.

పేరు కంటే సిలబస్ చూడండి. ముంబయిలో 1963లో మొదలై, 2023లో ఐఐఎం ముంబయిగా మారిన నీటీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్)కి పేరు తెచ్చింది ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్, ఆపరేషన్స్. ఓడలు, రేవుల వైపు ఆసక్తి ఉంటే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీకి విశాఖలోనే క్యాంపస్ ఉంది. ఎక్కడ చేరినా ఇన్వెంటరీ, డిమాండ్ అంచనా, ఆపరేషన్స్ రీసెర్చ్ (నిర్ణయాలకు గణితం వాడే సబ్జెక్టు) పేపర్లు ఉన్నాయో లేదో, ప్రాజెక్టుకు కంపెనీ అసలు డేటా ఇస్తుందో లేదో సీనియర్లను అడగండి.

అమెరికా వెళ్ళేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. చదువయ్యాక దొరికే 12 నెలల ఓపీటీ (అక్కడ పనిచేసే అనుమతి) మీద మరో 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) పొడిగింపు రావాలంటే, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో మీ కోర్సుకు ఇచ్చిన సీఐపీ కోడ్ (కోర్సు ఏ రంగానిదో చెప్పే అంకె) స్టెమ్ జాబితాలో ఉండాలి. సప్లై చైన్ అని పేరున్న కోర్సులకు అన్ని యూనివర్సిటీలూ ఒకే కోడ్ పెట్టవు. ఫీజు కట్టకముందే ఆ కోడ్ ఏదో యూనివర్సిటీకి ఈమెయిల్ రాసి తెలుసుకోండి. కన్సల్టెన్సీ నోటిమాట మీద ఆధారపడవద్దు.