కోడి రక్తంలో గింజ

కావలిలో మా తొమ్మిదో తరగతి పిల్లాడొకడు చికెన్ కొట్టు నుంచి ఇంజెక్షన్ సీసాలో కోడి రక్తం తెచ్చాడు. బడికొచ్చేసరికి గడ్డకట్టింది. మర్నాడు స్లైడులిచ్చి పంపితే, కొట్టు దగ్గరే పల్చగా పూత పూసి ఆరబెట్టుకొచ్చాడు. లీష్మన్ రంగు వేసి చూస్తే ఒక్కో ఎర్రకణం కోలగా, మధ్యలో ఊదారంగు గింజతో (అదే కేంద్రకం), అచ్చం ఆఫ్ బాయిల్ లాగుంది. పక్క స్లైడు మీద నా వేలి రక్తం: మధ్యలో నొక్కి, చిల్లు పెట్టకుండా వదిలేసిన గారెలు.

"సార్, కేంద్రకం లేకపోతే హీమోగ్లోబిన్‌కి చోటు ఎక్కువని మీరే చెప్పారు. మరి కోడికి ఎందుకుంది?"

ఇన్నేళ్లూ ఆ ఒక్క వాక్యంతోనే పాఠం దాటించేశాను.

నిజానికి మన ఎర్రకణానికీ మొదట్లో కేంద్రకం ఉంటుంది. ఎముక మజ్జలో కణం హీమోగ్లోబిన్ దండిగా తయారుచేసుకుంటుంటే, కేంద్రకం ముడుచుకుని గట్టిపడి ఒక పక్కకు జరుగుతుంది. ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులు బిగుసుకుని, నానిన కుంకుడుకాయను నొక్కితే గింజ జారినట్టు దాన్ని బయటికి నెట్టేస్తాయి. పక్కనే కాచుకున్న మాక్రోఫేజ్, అంటే చెత్తను మింగే కణం, ఆ గింజను మింగేస్తుంది. తర్వాత ఆక్సిజన్‌తో కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా కూడా పోతాయి. ఉంటే మోసే ఆక్సిజన్‌ను అవే వాడుకుంటాయి, రొయ్యల లోడు డ్రైవరు దారిపొడవునా రొయ్యలు వేయించుకు తిన్నట్టు. గింజ పోయిన కణం తనకన్నా సన్నటి రక్తనాళంలోనూ మడతపడి దూరిపోతుంది. కానీ రిపేరు చేసుకోలేదు, 120 రోజులకు చెల్లు.

మరి కోడి? దాని కణంలో గింజా ఉంది, మైటోకాండ్రియా కూడా ఉన్నాయి. చేప, కప్ప, పాము కణాల్లోనూ గింజ ఉంటుంది. పులికాట్‌కొచ్చే ఫ్లెమింగోకీ అంతే, అయినా వందల కిలోమీటర్లు ఎగురుతుంది. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే వైపుకు పారుతుంది కాబట్టి ఆక్సిజన్ అందుకోవడంలో అవి మనకన్నా మెరుగు. కాబట్టి 'చోటు' జవాబు తప్పు కాదు గానీ సగమే. ఒంటె కణం కోలగా ఉంటుంది, గింజ మాత్రం ఉండదు. కప్పల చుట్టాలైన, తోకుండే కొన్ని సన్న సాలమాండర్లలోనూ చాలా ఎర్రకణాలకు గింజ ఉండదు. పాలిచ్చే జంతువుల గొప్పేనని చెప్పడానికీ లేదు.

ఇంకో తమాషా: డీఎన్ఏ దాదాపు అంతా ఉండేది గింజలోనే. అందుకే మన రక్తంలో డీఎన్ఏ కావాలంటే తెల్లకణాలను వెతకాలి. మైక్రోలీటరుకు ఎర్రకణాలు 50 లక్షలైతే తెల్లవి కొన్ని వేలే. కోడికి ఎర్రకణాలే చాలు, అదే చుక్కలో వంద రెట్లకు పైగా డీఎన్ఏ.

దిష్టికి నల్లకోడే కావాలనీ, దాని రక్తం వేరనీ ఊళ్లో అంటారు. ఆ స్లైడూ తెమ్మన్నాను. తెచ్చాడు. అదే ఆఫ్ బాయిల్.