పీకింది పన్నే కదా!

"పీకింది పన్ను, కాళ్లు కాదు కదా!" అన్నాడు మా బావ. ముందురోజు సాయంత్రమే కింది దవడలో జ్ఞానదంతం తీయించుకున్నాడు. బుగ్గ బూరెలా పొంగి ఉంది. అయినా తెల్లారేసరికి బూట్లు వేసుకుని బీచ్ రోడ్డుకి బయల్దేరాడు. విశాఖలో ఆ వేళకి అక్కడ బండ్లు తిరగనివ్వరు. కాళీమాత గుడి నుంచి ఒడ్డున మ్యూజియంగా నిలిపిన కురుసుర సబ్‌మెరైన్ దాకా రోడ్డంతా నడిచేవాళ్లదీ, పరుగెత్తేవాళ్లదీ. ఏళ్ల తరబడి ఒక్క పూట మానని మనిషిని ఆపడానికి నాకు చాలాసేపే పట్టింది. ఇదే మాట ఇంకా చాలామంది నోట విన్నాను కాబట్టి, ఆరోజు బావకి చెప్పింది ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మోకాలు చెక్కుకుపోతే రక్తం గడ్డకట్టి, ఎండి, పెచ్చు కడుతుంది. గాయం మీద అదే మూత. నోట్లో అలా ఎండే వీలు లేదు. పన్ను ఊడొచ్చిన గుంటలో రక్తం నిండుతుంది, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, వాటి చుట్టూ ఫైబ్రిన్ అనే దారాలు వల అల్లుతాయి. అలా తయారైన గడ్డ ముదురు ఎరుపు జెల్లీ ముక్కలా తడిగా, మెత్తగా ఉంటుంది. దానికి పైన కప్పు లేదు. లాలాజలం తగులుతూనే ఉంటుంది, నాలుక ఊరుకోకుండా వెళ్లి తడుముతూనే ఉంటుంది. డాక్టరు దూది పెట్టి అరగంటో ముప్పావుగంటో గట్టిగా కొరికి పట్టుకోమనేది ఈ గడ్డ కుదురుకోవడానికే. రక్తం ఆపడంతో దాని పని అయిపోదు. కొత్త కణాలు, సన్నని రక్తనాళాలు దాన్నే పట్టుకుని లోపలికి పాకుతాయి. వారం తిరిగేసరికి చాలావరకు లేత కండ పుడుతుంది. పైన చిగురు మూసుకోవడానికి మూడు నాలుగు వారాలు, అడుగున ఎముక నిండడానికి నెలలు పడుతుంది. ఇదంతా జరగాలంటే మొదటి రెండు మూడు రోజులు ఆ గడ్డ కదలకుండా ఉండాలి.

ఇక కాళ్ల సంగతి. కాళ్లకీ దవడకీ రక్తం తోసే గుండె ఒక్కటే. పరుగెత్తితే గుండె వేగం, బీపీ రెండూ పెరుగుతాయి. బరువులెత్తితే ఇంకా ఎక్కువ. 1985లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఐదుగురు బాడీబిల్డర్ల చేతి ధమనిలోకి సన్నని గొట్టం పంపి, రెండు కాళ్లతో భారీ బరువు నెట్టేటప్పుడు బీపీ కొలిచారు. సగటున 320/250 వచ్చింది! మామూలుగా 120/80 ఉండే చోట అంత. ఊపిరి బిగబట్టి ముక్కినప్పుడు తలలోంచి కిందికి దిగాల్సిన రక్తం కూడా మెడ దగ్గర ఆగిపోతుంది. బరువులెత్తేవాళ్ల ముఖం కందగడ్డలా అయ్యేది, మెడ నరాలు ఉబ్బేది అందుకే. ఆ ఒత్తిడి అంతా చిగురులోని సన్నని నాళాల మీద కూడా పడుతుంది.

పన్ను తీసిన రోజు ఇంకో చిక్కు ఉంది. మత్తు ఇంజెక్షన్‌లో సాధారణంగా అడ్రినలిన్ కలుపుతారు. అది రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి, క్లినిక్ నుంచి బయటికొచ్చేటప్పుడు రక్తం దాదాపు ఆగిపోయినట్టే కనిపిస్తుంది. కొన్ని గంటలకి ఆ ప్రభావం తగ్గి నాళాలు మళ్లీ తెరుచుకుంటాయి. సరిగ్గా ఆ సమయంలో జిమ్‌లో ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్న దిండు గలీబు మీద గులాబీరంగు మరక కనబడితే టెన్షన్ పడొద్దు. అది ఉమ్మిలో కలిసిన కాస్త రక్తమే. నోరు నిండేలా ఎర్రగా వస్తుంటే మాత్రం శుభ్రమైన తడి గుడ్డని మడిచి గుంట మీద పెట్టి అరగంట కొరికి కూర్చోవాలి. అప్పటికీ ఆగకపోతే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

గడ్డ పోయి గుంటలో ఎముక బయటపడడాన్ని డ్రై సాకెట్ అంటారు. చాలామంది భయపడే దానికి వ్యాయామమే కారణమనడం మాత్రం సరికాదు. ఎక్కువసార్లు శరీరంలోని ఎంజైములే ఆ గడ్డను వేళకు ముందే కరిగించేస్తాయి. కింది జ్ఞానదంతం కష్టపడి తీసినప్పుడు, పొగ తాగేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. మొదటిరోజు తగ్గిన నొప్పి మూడో రోజో నాలుగో రోజో చెవి దాకా లాగుతూ తిరిగొస్తే, నోరు చెడు వాసన వేస్తే, మాత్రలు మింగుతూ ఓర్చుకోవద్దు. గుంట కడిగి మందు పెడితే చాలా ఉపశమనం ఉంటుంది.

"పోనీ, యోగా చేసుకుంటాను" అన్నాడు బావ. సూర్య నమస్కారాల్లో తల ఎన్నిసార్లు కిందికి వంగుతుందో లెక్కపెట్టమన్నాను. శీర్షాసనం సంగతి చెప్పనే అక్కర్లేదు. పై దవడ పన్ను తీయించుకున్నవాళ్లు కపాలభాతి కూడా కొన్నాళ్లు మానాలి. పై దంతాల వేళ్లకీ, ముక్కు పక్కన ఎముకలో ఉండే సైనస్ అనే గాలి గదికీ మధ్య కొందరిలో పల్చటి ఎముక పొరే ఉంటుంది. ముక్కు గట్టిగా చీదినా, నీళ్లలో మునిగి ఈదినా అక్కడ ఒత్తిడి పడుతుంది. ఉప్పునీళ్లు పుక్కిలించమన్నారు కదా అని సముద్రంలో దిగేవాళ్లూ ఉన్నారు! ఒక రోజు గడిచాక గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అరచెంచా ఉప్పు వేసి మెల్లగా పుక్కిలించడం వేరు, ఇసుకా సూక్ష్మజీవులూ ఉన్న కెరటం నోట్లోకి రావడం వేరు.

మరి ఎప్పుడు మొదలుపెట్టాలి? మామూలుగా ఊడొచ్చిన పన్నైతే మొదటి రెండు రోజులు ఇంట్లో అటూ ఇటూ తిరగడం చాలు. మూడు రోజులు దాటాక చదునైన దారిలో నెమ్మదిగా నడవొచ్చు. పరుగు, బరువులు, కైలాసగిరి మెట్లు వారం తర్వాత, అదీ సగం జోరుతో మొదలుపెట్టాలి. చిగురు కోసి, ఎముక తొలిచి, కుట్లు వేసి తీసినదైతే ఇంకా ఆగాలి. కబడ్డీలాంటి ఆటలకు రెండు వారాల లోపు తొందరపడకపోవడం మేలు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టరు చెప్పిన రోజునే లెక్కలోకి తీసుకోవాలి, సొంతంగా మందులు ఆపకూడదు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కుకున్నవాళ్లు, అత్యవసరం కాని పన్నైతే, ఆ 32 కిలోమీటర్ల నడకను దృష్టిలో పెట్టుకుని తేదీ అడగొచ్చు.

నడుస్తుండగా గుంటలో గుండె కొట్టుకున్నట్టు దడదడలాడితే, నోట్లో ఇనుప రుచి తగిలితే ఆరోజుకి అక్కడితో ఆపేయాలి. నొప్పి మాత్ర వేసుకుని నడిస్తే ఆ హెచ్చరికే మనకు తెలియకపోవచ్చు. ఇంకో సంగతి మన ఊరి ఉక్కపోత. నాలుగు రోజులుగా జావ, మజ్జిగ మీద ఉన్న ఒంటికి చెమట కూడా తోడైతే కళ్లు తిరుగుతాయి. కొబ్బరినీళ్లు మంచివే, కానీ స్ట్రాతో పీలిస్తే ఆ గుంజుడికి గడ్డ ఊడి రావొచ్చు. నడక అయ్యాక తినే మురీ (మరమరాల) మిక్చర్ కొన్నాళ్లు వద్దు, పలుకులు గుంటలోకి దూరతాయి.

ఏడో రోజు కుట్లు విప్పారు. మర్నాడు డాక్టరు సరేనన్నాక ఇద్దరం బీచ్ రోడ్డుకి వెళ్లాం. సబ్‌మెరైన్ దాకా నడిచి, అక్కడే గట్టు మీద కూర్చున్నాం. బోండాలబ్బాయి అలవాటుగా స్ట్రా గుచ్చబోతుంటే, బావ చెయ్యి అడ్డుపెట్టి సంచిలోంచి స్టీలు గ్లాసు తీశాడు.