వంశవృక్షంలో నాన్న వైపు కొమ్మ

గుంటూరు

చిరంజీవులైన పిల్లలకు,

గర్భసంచి క్యాన్సర్ కొన్ని ఇళ్ళలో వంశపారంపర్యంగా ఎలా వస్తుందో చెబుతాను. విజయవాడ అచ్చాఫీసుల్లో పుస్తకం మిషనెక్కే ముందు ప్రూఫులు దిద్దుతారు. ‘కలం’ ఉండాల్సిన చోట ‘కాలం’ పడితే అక్కడే పట్టుకుంటారు. మన ఒంట్లో కణం రెండయ్యే ముందు డీఎన్ఏకు నకలు తయారవుతుంది. అందులో పడ్డ తప్పులు దిద్దే జన్యువుల్లో నాలుగు ముఖ్యం: ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2.

ఒక్కో జన్యువుకు రెండు ప్రతులు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. పుట్టుకతోనే ఒకటి చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది. ఏదో ఒక కణంలో అదీ పాడైతే ఇక తప్పులు దిద్దే దిక్కుండదు, అవి పేరుకుని క్యాన్సర్ రావచ్చు. ఇలా పుట్టుకతోనే ఒక ప్రతి చెడి ఉండటమే లించ్ సిండ్రోమ్. క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది పెద్దపేగులో, గర్భసంచి లోపలి పొరలో. ఎంఎస్‌హెచ్2 చెడిన ఆడవాళ్ళలో 75 ఏళ్ళలోపు నూటికి దాదాపు 50 మందికి గర్భసంచి క్యాన్సర్ రావచ్చు, పీఎంఎస్2 అయితే సుమారు 13 మందికి. అయితే ఆ క్యాన్సర్ వచ్చినవాళ్ళందరిలో ఈ కారణం ఉన్నవాళ్ళు నూటికి ముగ్గురే. మిగతావాళ్ళలో అధిక బరువు, షుగరు లాంటివి పెద్ద కారణాలు.

‘ఇది ఆడవాళ్ళ జబ్బు, అమ్మ వైపు అడిగితే చాలు’ అనుకోవడం పెద్ద పొరపాటు. నాన్నకు గర్భసంచి లేకపోయినా చెడిన ప్రతి ఆయన నుంచి కూతురికి రావచ్చు, సగానికి సగం అవకాశం. అందుకే నాయనమ్మ, మేనత్తల సంగతి అడగండి. తాతయ్యకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందా? ఏ వయసులో? 50 లోపైతే ఆ మాట తప్పక రాసిపెట్టండి.

మన వైపు ‘ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారు’ అన్న మాటతో సంగతి ముగుస్తుంది. ఎందుకు తీశారో అడగండి. గడ్డలకా, క్యాన్సర్‌కా? బీరువాలో పాలిథిన్ కవర్లో ఎక్స్‌రేల కింద మడతపడి బయాప్సీ రిపోర్టు ఉంటుంది, తీసి చదవండి.

ఈ లోపం ఉందో లేదో చూసే పరీక్ష ముందుగా జబ్బు వచ్చినవాళ్ళకే చేయించాలి. తీసిన గడ్డ ముక్కలో ఆ నాలుగు జన్యువులు తయారుచేసే ప్రొటీన్లున్నాయో లేదో చూస్తారు. ఒకటి కనిపించకపోతే రక్తంతో జన్యుపరీక్ష. ఎంఎల్‌హెచ్1 మాత్రం వంశపారంపర్యం కాకుండానూ మూగబోతుంది, కాబట్టి ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. జన్యువులో చెడిన చోటు దొరికాక ఇంటిల్లిపాదికీ ఆ ఒక్కచోటే చూస్తే సరిపోతుంది. రిపోర్టులో ‘అర్థం తేలని మార్పు’ అని వస్తే, దాన్నిబట్టి ఎవరూ గర్భసంచి తీయించుకోకూడదు.

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా ‘వేడి చేసింది’ అని సరిపెట్టుకోనివ్వకండి. అమ్మమ్మను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. స్కానింగులో గర్భసంచి లోపలి పొర 4 మిల్లీమీటర్లు మించితే బయాప్సీ చేస్తారు. పలచగా ఉన్నా రక్తం మళ్ళీ కనిపిస్తే మళ్ళీ వెళ్ళాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ