ఘానాలో కాటా ఎవరి చేతిలో ఉంది?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. పశ్చిమాఫ్రికాలో ఒక దేశాన్ని ఎంచుకుని వివరంగా చెప్పమన్నారు కదా, ఘానా గురించి చెప్తాను. పటం తీసి గినీ సింధుశాఖ ఒడ్డున చూడండి. పడమట ఐవరీకోస్ట్, ఉత్తరాన బుర్కినా ఫాసో, తూర్పున టోగో, దక్షిణాన సముద్రం. విస్తీర్ణం సుమారు 2,38,500 చదరపు కిలోమీటర్లు, అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపిన దానికంటే కొంచెం తక్కువ. 2021 జనాభా లెక్కల్లో 3 కోట్ల 8 లక్షల మంది తేలారు. రాజధాని అక్రా. దానికి దగ్గర్లోనే ఉన్న టెమా రేవు మీదుగా సున్నా డిగ్రీల రేఖాంశం పోతుంది కాబట్టి మనకు సాయంత్రం అయిదున్నర అయితే వాళ్లకు సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు.

రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ బట్టీ పట్టిస్తే మీకు రెండు రోజుల్లో మరుపుకొస్తాయి. అందుకని ఒకటే ప్రశ్న పట్టుకోండి: ఆ నేలలోంచి వచ్చిన సరుకును ఎవరు తూచారు, ధర ఎవరు కట్టారు? చరిత్ర, రాజకీయం, ఆర్థికం అన్నీ దీని వెంటే వచ్చేస్తాయి.

మొదట బంగారం. ఘానాలోని పెద్ద జాతి సమూహమైన అకాన్ ప్రజలు (ముందు వచ్చే అసాంటేలూ వీళ్లలోవాళ్లే) కొన్ని వందల ఏళ్లపాటు బంగారు పొడినే డబ్బుగా వాడారు. సంతకు వెళ్లే వ్యాపారి దగ్గర చిన్న త్రాసు, పొడి తీసే చెంచా, ఇత్తడి డబ్బీ, ఒక మూట తూకపు రాళ్లు ఉండేవి. రాళ్లంటే నిజానికి ఇత్తడి బొమ్మలు: మొసలి, పక్షి, డాలు, గీతల దిమ్మలు. చాలా బొమ్మల వెనక ఒక సామెత ఉంటుంది. అన్నిటికంటే చిన్న తూకాలకు గింజలు వాడేవారు, వాటిలో మన గురివింద గింజ కూడా ఉంది. మన కంసాలులు గురిగింజ ఎత్తు అని తూచింది కూడా దాంతోనే. ఈ బొమ్మల పోత పద్ధతి ఆదిలాబాద్ ఓజాల డోక్రా పనిలాంటిదే. తేనెమైనంతో బొమ్మ చేసి, బొగ్గుపొడి కలిపిన బంకమట్టి పూసి, మైనం కారిపోవడానికి దారి వదిలి, ఆరాక కాలుస్తారు. మైనం పోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోసి, చల్లారాక మట్టి పగలగొడతారు. మట్టిలో తడి మిగిలితే ఆవిరి పుట్టి అచ్చు పగిలిపోతుంది. ఒక అచ్చుకు ఒక్క బొమ్మే. బేరంలో అమ్మేవాడూ కొనేవాడూ ఎవరి త్రాసుతో వాళ్లు తూచుకునేవారు. తేడా వస్తే అక్కడే తేల్చుకునేవారు. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

పోర్చుగీసు వాళ్లు 1471లో ఆ తీరానికి వచ్చారు, 1482లో ఎల్మినాలో కోట కట్టారు. 1637లో డచ్చివాళ్లు దాన్ని లాక్కున్నారు, 1872లో బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చింది. మొదట్లో ఆ కోట బంగారం కోసమే. తర్వాత అదే తీరంలోని కోటల నేలమాళిగల్లో మనుషుల్ని బంధించి, సముద్రం వైపు ఇరుకు గుమ్మం గుండా ఓడలెక్కించారు. తీరంలో కోటలు ఐరోపావాళ్లవే అయినా లోపలి నుంచి బందీలను తెచ్చి అమ్మినవాళ్లలో స్థానిక రాజ్యాలూ ఉన్నాయి. ఈ ముక్క దాచి చెప్పే పుస్తకాలను నేను నమ్మను. బ్రిటన్ ఈ వ్యాపారాన్ని 1807లో నిషేధించింది.

లోపలి అడవిలో కుమాసి రాజధానిగా అసాంటే రాజ్యం ఎదిగింది. 1701లో ఒసెయి టుటు డెంకీరా రాజ్యాన్ని ఓడించి దాన్ని నిలబెట్టాడు. ఆ రాజ్యానికి ప్రాణం బంగారు పీట. దాని మీద రాజు కూడా కూర్చోడు. జాతి ఆత్మ అందులో ఉందని నమ్మకం, అందుకే దానికి విడిగా ఆసనం వేస్తారు. 1900లో బ్రిటిష్ గవర్నర్ హాడ్జ్‌సన్ కుమాసికి వచ్చి ఆ పీట తెమ్మన్నాడు, తాను కూర్చోవాలట! ఎజిసు రాజమాత యా అసాంటెవా నాయకత్వంలో యుద్ధం మొదలైంది. ఆమె ఓడిపోయింది, సీషెల్స్ దీవుల్లో బందీగా 1921లో చనిపోయింది. పీట మాత్రం గవర్నర్‌కు దొరకలేదు. 1874 దండయాత్రలో కుమాసి నుంచి ఎత్తుకెళ్లిన బంగారు నగల్లో కొన్ని 2024లో లండన్ మ్యూజియాల నుంచి తిరిగి వచ్చాయి, కానీ అప్పుగా! ఎవరి సొమ్ము ఎవరు అప్పిస్తున్నారో మీరే ఆలోచించండి.

అకాన్‌లలో వంశం తల్లి వైపు నడుస్తుంది. రాజు తర్వాత గద్దె కొడుక్కి రాదు, అదే తల్లి వంశంలోని తమ్ముడికో మేనల్లుడికో వస్తుంది. అభ్యర్థి పేరు రాజమాత చెప్తుంది, పెద్దలు ఒప్పుకోవాలి. తప్పు చేస్తే దించేస్తారు కూడా.

ఇప్పుడు అసలు సంగతి, కోకో. గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల మధ్య అంతరపంటగా వేస్తారు కాబట్టి మీలో కొందరు కాయను చూసే ఉంటారు. ఘానాలో దీన్ని వేళ్లూనేలా చేసినవాడు టెటే క్వార్షీ అనే కమ్మరి. 1879లో ఫెర్నాండో పో దీవి నుంచి గింజలు తెచ్చి మాంపాంగ్‌లో నాటాడు. 1911 నాటికి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కోకో ఇక్కడే పండింది. తోటలు వేసింది పెద్ద దొరలు కాదు, చిన్న రైతులే.

పువ్వు చెట్టు మొద్దు మీదే పూస్తుంది. దోమకంటే చిన్న ఈగలు దాన్ని పరాగసంపర్కం చేస్తాయి, నూటికి ఏ నాలుగైదో కాయలవుతాయి. కాయ పండడానికి అయిదారు నెలలు. కోసేటప్పుడు తొడిమ దగ్గర కత్తితో తెంపాలి, అందనివి దోటితో. కాయను మెలిపెట్టి లాగితే మొద్దు మీది పూలబుడిపె ఊడిపోతుంది, మళ్లీ అక్కడ పూత రాదు. కాయను కర్రతో కొట్టి పగలగొట్టడం మేలు. కత్తితో నరికితే గింజ తెగి బూజు పడుతుంది. కాయకు 30 నుంచి 40 గింజలు. కిలో ఎండు గింజలకు 20, 25 కాయలు కావాలి.

తెల్లటి జిగురు గుజ్జుతో ఉన్న పచ్చి గింజల్ని నేల మీద పరిచిన అరటాకుల్లో కుప్పపోసి, పైన ఆకులు కప్పి, ఆరు రోజులు పులియబెడతారు. గుజ్జు నీరై కిందికి కారుతుంది, ఆకులకు బెజ్జాలు పెట్టకపోతే అడుగున నిలిచి కుళ్లుతుంది. కుప్ప లోపల వేడి 45 నుంచి 50 డిగ్రీల దాకా ఎక్కుతుంది. ఆ వేడికే గింజ చచ్చి, చేదు తగ్గి, చాక్లెట్ వాసనకు మూలం పుడుతుంది. రెండో రోజు, నాలుగో రోజు కుప్ప తిరగెయ్యాలి. కుప్ప మరీ చిన్నదైతే వేడెక్కదు. తొందరపడి ముందే తీస్తే గింజ లోపల పలక రంగులో బిగుసుకుపోయి ఉంటుంది, చాక్లెట్‌కు రుచి రాదు. మరీ ఎక్కువ ఉంచితే నల్లబడి కంపు కొడుతుంది. తర్వాత ఎత్తు మీద కట్టిన వెదురు తడికల మీద వారం పైగా ఎండబెడతారు, గంటగంటకూ కలుపుతూ, చెత్తా పలుకులూ ఏరుతూ. తేమ ఏడున్నర శాతానికి దిగాలి. గుప్పిట్లో పట్టి నొక్కితే పిటపిటమనాలి, అప్పుడే బస్తాకెత్తుతారు. వాన తగిలి తేమ మిగిలితే గోదాములో బూజే.

నాణ్యత చూసేవాళ్లు బస్తాల్లోంచి 300 గింజలు తీసి నిలువునా కోస్తారు. బూజు పట్టినవి, పలక రంగువి, పురుగు తొలిచినవీ మొలకెత్తినవీ ఒక్కో రకం నూటికి మూడు దాటకపోతే మొదటి రకం. గోతంతో కలిపి బస్తా 64 కిలోలు, 16 బస్తాలకు టన్ను లెక్క. ఇంత జాగ్రత్తగా చూసే దేశంలో రైతుకు దెబ్బ తగిలేది ఊళ్లో కొనుగోలు ఏజెంటు కాటా దగ్గర. ముల్లు తప్పుగా జరిపిన కాటా బస్తాకు రెండు మూడు కిలోలు మింగినా, కొలిచి చూసుకోవడానికి రైతు దగ్గర తన సొంత త్రాసు ఇప్పుడు లేదు.

ధర సంగతి ఇంకా పెద్దది. 1937లో ఐరోపా కంపెనీలు ఒకరితో ఒకరు పోటీపడకుండా ధర కట్టేసుకున్నాయి. రైతులు ఒక్క బస్తా అమ్మబోమని కూర్చున్నారు, దిగుమతి సరుకులూ కొనలేదు. 1938 ఏప్రిల్ దాకా అది సాగింది. 1947లో ప్రభుత్వం కొనుగోలు బోర్డు పెట్టింది. నేటి కోకోబోడ్ దాని వారసుడే. సీజను మొదట్లో దేశమంతటికీ ఒకే ధర ప్రకటిస్తారు. ప్రపంచ ధర పడితే రైతుకు రక్షణ. పెరిగితే తేడా బోర్డుకు, ప్రభుత్వానికి. మాట బాగానే ఉంది. కానీ రైతుకు వచ్చే వాటా తరిగితే ఏమవుతుందో లెక్కలు చెప్తాయి. 1960ల మధ్యలో అయిదున్నర లక్షల టన్నులు దాటిన పంట 1983-84లో సుమారు 1,60,000 టన్నులకు దిగింది. 2020-21లో మళ్లీ 10 లక్షల టన్నులు దాటి, మూడేళ్లలో సగానికి పడింది. పిండినల్లి మోసే వాపు తెగులు వైరస్‌కు మందు లేదు, చెట్టు నరకడమే దారి. సరిగ్గా ఆ కరువులోనే 2024లో లండన్, న్యూయార్క్ ధరలు ఎన్నడూ లేనంత ఎక్కాయి. పంటలో ఎక్కువ భాగం ముందే తక్కువ ధరకు ఒప్పుకుని ఉండడంతో రైతుకు దక్కింది కొంతే. సరిహద్దు దాటిస్తే ఎక్కువ వస్తుందని రాత్రిపూట బస్తాలు టోగోకు, ఐవరీకోస్ట్‌కు వెళ్లాయి. ధర తప్పుగా కట్టినచోట పోలీసులు ఎంతమంది ఉన్నా దొంగరవాణా ఆగదు.

స్వాతంత్ర్యం కథలో మనకూ సంబంధం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో గోల్డ్‌కోస్ట్ (బ్రిటిష్ పాలనలో ఘానాకు ఉన్న పేరు) సైనికులు భారత్ మీదుగా వచ్చి బర్మాలో పోరాడారు. తిరిగి వెళ్లాక ఇస్తామన్న పింఛను, ఉద్యోగాలు రాలేదు. 1948 ఫిబ్రవరి 28న వినతిపత్రం ఇవ్వడానికి అక్రాలో గవర్నర్ కోటవైపు నడిచినవాళ్ల మీద పోలీసు అధికారి కాల్చాడు, ముగ్గురు మాజీ సైనికులు చనిపోయారు. ఊరు భగ్గుమంది. తర్వాత దేశాధినేత అయిన క్వామే ఎన్‌క్రుమా గాంధీ పద్ధతి నుంచి నేర్చుకున్న సమ్మెలతో, సహాయ నిరాకరణతో 1950లో ఉద్యమం నడిపి జైలుకు వెళ్లాడు. 1951 ఎన్నికల్లో జైల్లో ఉండగానే గెలిచాడు. 1957 మార్చి 6న దేశం స్వతంత్రమైంది, 1960లో గణతంత్రమైంది.

అన్నట్టు క్వామే అంటే శనివారం పుట్టిన అబ్బాయి. కోఫీ శుక్రవారం పుట్టిన అబ్బాయి, యా గురువారం పుట్టిన అమ్మాయి. ఐక్యరాజ్య సమితి మాజీ సెక్రెటరీ జనరల్ కోఫీ అన్నన్ ఏ వారం పుట్టాడో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఎన్‌క్రుమా కట్టించిన వాటిలో పెద్దది అకోసోంబో ఆనకట్ట. 1965లో దాని వెనక సరస్సు నిండడం పూర్తికాకముందే కరెంటు మొదలైంది. ఆ వోల్టా సరస్సు సుమారు 8,500 చదరపు కిలోమీటర్లు, 80,000 మంది ఊళ్లు మునిగాయి. పారే నీరు నిలిచిపోవడంతో నత్తలు పెరిగి, వాటి ద్వారా వచ్చే బిల్హార్జియా రోగం ఒడ్డున ఊళ్లకు పాకింది. కరెంటులో పెద్ద వాటా చవగ్గా టెమాలోని అల్యూమినియం కర్మాగారానికి పోయింది. దేశంలో అల్యూమినియం ఖనిజం బాక్సైట్ ఉన్నా, ముడిసరుకును ఆ కర్మాగారం బయటినుంచి తెచ్చుకుంది. 1966లో ఎన్‌క్రుమా విదేశంలో ఉండగా సైన్యం దించేసింది. అక్కడినుంచి 1981 దాకా తిరుగుబాట్ల మీద తిరుగుబాట్లు. 1983లో కరువు, కార్చిచ్చు, పైగా నైజీరియా వెళ్లగొట్టిన దాదాపు పది లక్షల మంది గళ్ల ప్లాస్టిక్ సంచులతో తిరిగి వచ్చారు. ఆ సంచులను పశ్చిమాఫ్రికాలో నేటికీ ‘ఘానా మస్ట్ గో’ అంటారు.

1992 రాజ్యాంగం వచ్చాక రోజులు మారాయి. నాలుగేళ్లకోసారి అధ్యక్షుణ్ణీ పార్లమెంటునూ ఒకేరోజు ఎన్నుకుంటారు. అధ్యక్షుడికి సగానికి మించిన ఓట్లు రావాలి, రాకపోతే ఇద్దరి మధ్య మళ్లీ పోటీ. రెండు పర్యాయాలు మించి కుదరదు. మంత్రుల్లో ఎక్కువమంది పార్లమెంటు సభ్యులై ఉండాలి. అధ్యక్ష పాలన అయినా మన పద్ధతి కొంత కలిసిందన్నమాట. సంప్రదాయ రాజులు పార్టీ రాజకీయాల్లో దిగకూడదు. భూమిలో ఎక్కువ భాగం మాత్రం ఇప్పటికీ వాళ్ల, వంశాల అధీనంలోనే ఉంది, అందుకే వాళ్ల మాటకు బరువు.

నాకు నచ్చేది ఓట్ల లెక్క. పోలింగ్ ముగిసిన చోటే, జనం చూస్తుండగా, ఒక్కో బ్యాలెట్ ఎత్తి చూపించి లెక్కపెడతారు. గులాబీరంగు కాగితంలో అంకెలు రాసి, పార్టీల ఏజెంట్ల సంతకాలు తీసుకుని, తలా ఒక నకలు ఇస్తారు. పైన ఎవరైనా అంకె మారిస్తే కింది నకలు పట్టిస్తుంది. ఎవరి త్రాసు వాళ్లు తెచ్చుకున్న పాత సంత ఇదే! 2008లో 40,000 పైచిలుకు ఓట్ల తేడాతో ఓడినవాళ్లు అధికారం అప్పగించారు. 2012 ఫలితం మీద గొడవ వస్తే ఈ కాగితాలే సాక్ష్యాలుగా సుప్రీంకోర్టు విచారణ టీవీలో ప్రత్యక్షంగా నడిచింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది.

అంతమాత్రాన డబ్బు కష్టాలు తీరలేదు. 2022 డిసెంబరులో ద్రవ్యోల్బణం 54 శాతం దాటింది. విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసి, మరుసటి ఏడాది అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) దగ్గర 300 కోట్ల డాలర్ల సాయం ఒప్పుకున్నారు. ఎగుమతుల్లో ఇప్పుడు బంగారమే మొదటిది. దక్షిణాఫ్రికాను దాటి ఆఫ్రికాలో అగ్రస్థానం కూడా ఘానాదే. అయితే అనుమతి లేని తవ్వకాలను అక్కడ గలాంసే అంటారు. నది ఒడ్డు మట్టిని నీటితో కొట్టి, గరుకు తివాచీ మీదుగా పారించి బరువైన పొడిని పట్టి, పాదరసం కలిపి ముద్ద చేసి కాలుస్తారు. పాదరసం ఆవిరై ఊపిరితిత్తుల్లోకి, మిగిలింది నదిలోకి. ప్రా, అంకోబ్రా నదులు ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. కేప్‌కోస్ట్‌కు నీళ్లిచ్చే శుద్ధి కేంద్రం 2024లో బురదకు తట్టుకోలేక ఉత్పత్తి తగ్గించుకుంది. కోకో ధర గిట్టని రైతు తోటనే తవ్వకందార్లకు ఇచ్చేస్తున్నాడు. ఒకసారి తవ్విన గోతిలో కోకో మళ్లీ లేవదు. 2025లో చిన్న గనుల బంగారం కొనే హక్కంతా గోల్డ్‌బోడ్ అనే కొత్త ప్రభుత్వ సంస్థకు ఇచ్చారు. కోకోకు చేసిందే బంగారానికీ చేస్తున్నారన్నమాట. తవ్వేవాడికి న్యాయమైన తూకం, రోజు ధర ఇస్తే దొంగదారి తగ్గుతుంది, లేకపోతే కోకో బస్తాల దారే బంగారానిది.

తిండి సంగతి అడుగుతారని తెలుసు. ఉడికించిన కర్రపెండలం, కూర అరటికాయ రోట్లో వేసి దంచితే ఫుఫు. ఒకరు నిలబడి పొడుగాటి రోకలితో దంచుతుంటే, ఇంకొకరు కూర్చుని ప్రతి రెండు దెబ్బల మధ్యా చెయ్యి తడి చేసుకుని ముద్దను మడిచి తిప్పుతారు. లయ తప్పితే వేళ్లు నలిగిపోతాయి. ఉండలు లేకుండా సాగే ముద్ద అయ్యాక పల్లీ పులుసులోనో పామాయిల్ గింజల పులుసులోనో వేసి, కుడిచేత్తో తుంచి, నమలకుండా మింగుతారు. ఎడమచేత్తో తినడమే కాదు, డబ్బులివ్వడం కూడా అక్కడ తప్పే. ఈ విషయంలో మీ బామ్మకు ఆ ఊళ్లో ఇబ్బంది ఉండదు.

బొన్‌వైర్‌లో నేసే కెంటే బట్ట గురించి ఇంకో ఉత్తరంలో రాస్తాను. బెత్తెడు వెడల్పు పట్టీలు నేసి, పక్కపక్కన కుట్టి చీరంత చేసే పని అది, రెండు ముక్కల్లో చెప్పేది కాదు.

మీ తాతయ్య