స్కూబాలో బ్యాక్ కిక్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ నుంచీ వైజాగ్ నుంచీ అండమాన్ వచ్చి స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తిచేసేవాళ్లు ఇప్పుడు బాగా పెరిగారు. ముందుకు ఈదడం అందరికీ వచ్చేస్తుంది. ఫిన్స్‌తో, అంటే కాళ్లకు తొడిగే రెక్కలతో, వెనక్కి వెళ్లడం (బ్యాక్ కిక్) మాత్రం ఆ స్థాయిలో తప్పనిసరి పాఠం కాదు కాబట్టి చాలామంది ఒక్కసారైనా ప్రయత్నించకుండానే సర్టిఫికెట్ అందుకుంటారు. చూడని విద్య మీద మాటలు త్వరగా పుడతాయి. నేను నేర్పేటప్పుడు ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: అది గుహల్లో దిగే టెక్నికల్ డైవర్లకే కావాలి.

గుహ డైవర్లు దీన్ని పట్టుబట్టి నేర్చుకుంటారన్నది నిజమే. ఇరుకుదారిలో వెనక్కి తిరిగే చోటుండదు, ఫిన్ తగిలి అడుగునున్న బురద లేస్తే చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. కానీ నా దృష్టిలో దీని అవసరం ఎక్కువ ఉన్నది పగడాల దగ్గర కెమెరా పట్టుకున్న మామూలు డైవర్‌కే. అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో రోజూ కనిపించేదే చెప్తాను. గోరంత సముద్రపు నత్త ఫొటో కోసం ఒకరు పగడానికి అడుగు దూరం దాకా వెళ్తారు. ఫొటో వచ్చింది. ఇక అక్కణ్ణుంచి బయటికి రావడమెలా? వేలితో పగడాన్ని నెట్టి వెనక్కి జరుగుతారు, లేదా అక్కడే పక్కకి తిరిగి కాళ్లాడిస్తారు. ఆ తిరగడంలో ఫిన్ వెళ్లి పగడానికి తగులుతుంది. గుండ్రంగా పెరిగే పోరైటిస్ పగడం ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం రాతి పగడాలన్నిటినీ పులితోపాటు మొదటి షెడ్యూల్‌లోనే పెట్టింది. వెనక్కి నాలుగు అడుగులు జరగడం వచ్చినవాళ్లు దేన్నీ ముట్టుకోకుండా వచ్చిన దారినే బయటపడతారు.

అపోహ: చేతులున్నాయిగా, వాటితో వెనక్కి తోసుకోవచ్చు.

ఒక చేతిలో కెమెరా, ఇంకో చేతిలో టార్చ్ ఉన్నప్పుడు చేతులు లేనట్టే. ఖాళీగా ఉన్నా, ఊపితే పక్కవాళ్ల మాస్కో, గాలి పీల్చుకునే రెగ్యులేటరో ఊడొచ్చే ప్రమాదం ఉంది.

అపోహ: కాళ్లలో బాగా బలం ఉండాలి.

నేర్చుకునేవాళ్లని ఎక్కువగా దెబ్బతీసేది ఈ నమ్మకమే. రాకపోతే ఇంకా గట్టిగా తంతారు. గట్టిగా తన్నేకొద్దీ ఆయాసం, ఆయాసం పెరిగేకొద్దీ గాలి ఖర్చు. అసలు లోపం చాలాసార్లు కాళ్లలో ఉండదు, ట్రిమ్‌లో ఉంటుంది. అంటే నీళ్లలో శరీరం ఏ కోణంలో నిలబడుతోందన్నది. తల పైకి, కాళ్లు కిందికి వాలి ఉంటే అదే కిక్ మిమ్మల్ని వెనక్కి కాకుండా ఏటవాలుగా కిందికి లాగుతుంది.

కాబట్టి ముందు ఏమీ చెయ్యకుండా బల్లపరుపుగా తేలి ఉండడం రావాలి. కాళ్లు దిగిపోతుంటే నడుముకున్న బరువులో కొంత పైకి, సిలిండర్ పట్టీకి మార్చి చూడండి. ఇంకో సంగతి: మనం వాడే 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు మునుగుతుంది, ఖాళీ అయ్యేసరికి తేలుతుంది. అందులో 200 బార్ల ఒత్తిడితో నింపిన గాలి బరువే రెండున్నర కిలోలకు పైన ఉంటుంది మరి. డైవ్ మొదట్లో కుదిరిన ట్రిమ్ చివర్లో మారేది అందుకే.

ఇక కిక్. కాళ్లు వెనక్కి చాపి, ఫిన్స్ రెండూ దగ్గరగా ఉంచి మొదలుపెట్టండి. చీలమండ దగ్గర పాదాన్ని మడిచి, వేళ్లు మోకాలి వైపు లాగి, పాదాలు బయటికి తిప్పండి. ఇప్పుడు ఫిన్ పలకలు రెండు పక్కలకీ విచ్చుకుని ఉంటాయి. అలాగే ఉంచి మడమల్ని పిరుదుల వైపు లాగండి. ఫిన్ పైభాగం నీటిని తల వైపు నెడుతుంది, మీరు వెనక్కి జరుగుతారు. తర్వాత వేళ్లు చాపి, పడవవాడు తెడ్డును అంచు మీద తిప్పి తెచ్చుకున్నట్టు, ఫిన్స్‌ను నీళ్లకు అడ్డం లేకుండా మెల్లగా మొదటి చోటికి పంపండి. ఈ చివరి భాగంలో తొందరపడితే సంపాదించినదంతా పోతుంది, ఉన్నచోటే ముందుకూ వెనక్కూ ఊగుతారు. ఇంకోటి, తొడలు కదలకూడదు. మోకాళ్లు పొట్ట కిందికి వస్తున్నాయంటే సైకిల్ తొక్కుతున్నారన్నమాట.

అపోహ: ఫలానా ఫిన్స్ కొంటేనే వస్తుంది.

కొంత నిజముంది. పొట్టిగా, వెడల్పుగా, గట్టిగా ఉండే పలక తేలిక. 1960ల నాటి జెట్ ఫిన్ డిజైన్‌ను ఇప్పటికీ జనం వాడుతున్నది ఊరికే కాదు. మధ్యలో చీలిన స్ప్లిట్ ఫిన్స్‌తో కష్టం, ఫ్రీడైవింగ్ పొడవు ఫిన్స్‌తో ఇంకా కష్టం. అయితే కొత్తవి కొనే ముందు మీ ఫిన్ పాదానికి వదులుగా ఉందేమో చూసుకోండి. పాదం మడిచినప్పుడు ఫిన్ కూడా కదలకపోతే ఎంత ఖరీదైనదైనా పనిచెయ్యదు.

అపోహ: ఇది వస్తే కరెంట్‌కి (నీటి ప్రవాహానికి) ఎదురు వెనక్కి ఈదొచ్చు.

ఈదలేరు. చిన్నపాటి ప్రవాహంలో ఉన్నచోట నిలబడడానికి, గుంపులో ఎవరి మీదా పడకుండా ఉండడానికి, పైకి వచ్చే ముందు కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్‌లో తాడు నుంచి దూరం సరిచూసుకోవడానికి పనికొస్తుంది. బలమైన కరెంట్‌లో దీన్ని నమ్ముకోవద్దు.

అపోహ: పూల్ లోతు తక్కువ, అక్కడ భయమేమీ లేదు.

పూల్‌లోనే నేర్చుకోండి, కానీ ఈ మాట నమ్మి కాదు. నీటిమట్టం నుంచి 10 మీటర్లకు వెళ్లేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది. 20 నుంచి 30 మీటర్లకు పెరిగేది మూడోవంతే. జాకెట్‌లోని గాలి ఆ ఒత్తిడిని బట్టే ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. అందుకే లోతు తక్కువున్నచోట ఒకే ఎత్తులో నిలవడం ఇంకా కష్టం. పైగా కిక్ మీద ధ్యాస పెట్టినవాళ్లు తెలియకుండానే ఊపిరి బిగబడతారు. నిండా గాలి పీల్చి బిగబట్టి మీటరున్నర లేచినా ఊపిరితిత్తులకు గాయమయ్యే ప్రమాదముంది. నేను శిక్షణలో ముందు చూసేది ఫిన్స్‌ను కాదు, బుడగల్ని. బుడగలు ఆగితే కిక్ ఆపించేస్తాను.

పూల్‌కి వెళ్లే ముందు ఇంట్లో బల్ల మీద బోర్లా పడుకుని, మోకాళ్ల నుంచి కాళ్లు బయటికి ఉంచి, పాదం మడవడం, తిప్పడం, లాగడం, చాపడం వరుసగా చేసి చూడండి. నీళ్లలో గోడకు ఎదురుగా తేలి, గోడకీ మాస్కుకీ మధ్య ఎడం పెరుగుతోందో లేదో గమనించండి. పక్కనుంచి బడ్డీతో (తోడుగా దిగే డైవర్‌తో) వీడియో తీయించుకుంటే, మీ కాళ్లు చేస్తున్నాయని మీరు అనుకునేదీ అవి నిజంగా చేస్తున్నదీ మొదటిసారే కనిపిస్తాయి.